గెడ్డ ఒకటే, కాలనీలు మూడు. ఎలా కలవాలి?

మాది విశాఖలో లాసన్స్ బే కాలనీకి కాస్త ఎగువన. మొన్నటి వానకి మా వీధి గెడ్డ (వాన నీటి కాలువ) నల్లగా పొంగింది. కొబ్బరి బోండాలు, థర్మాకోల్, మెకానిక్ షెడ్ల ఆయిల్, అంతా తిన్నగా సముద్రంలోకే. మా అపార్ట్‌మెంట్ల వాళ్లం తలా కాస్త వేసుకుని ఇనుప జాలీ పెట్టించాం. రెండు వానలకే అది పూడుకుపోయి నీళ్లు మా సెల్లార్లోకే వచ్చాయి! పై కాలనీల వాళ్లని పిలిస్తే ఒక్కరూ రాలేదు. ఏం చెయ్యాలి?

జవాబు: జాలీ పెట్టడం తప్పు కాదండీ, చెత్త తియ్యకపోవడం తప్పు. వాన పడ్డ ప్రతిసారీ ఖాళీ చెయ్యాలి. జూన్‌లో తొలి వానలకి మరీ జాగ్రత్త. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము ఎక్కువగా అప్పుడే కొట్టుకొస్తాయి.

జవాబు: మేం కొండవాలు వాళ్లం సార్. తిట్టడానికే పిలిచారనుకున్నాం. మా దగ్గర అన్నీ మెట్లే, చెత్త బండి పైకి ఎక్కదు. బస్తాల్లో కిందికి మోసేవాళ్లు లేక గెడ్డలో వేస్తున్నారు. ముందు దానికోసం మూడు కాలనీలూ కలిసి సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ పెడదామా?

అడిగినవారు: మెట్ల సంగతి నాకు తట్టనేలేదండీ. ఆదివారం పొద్దున్నే పైకి వస్తాను. టీ మాత్రం మీదే.