లినక్స్ సర్వర్‌లో హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు: సీమ మిత్రుల అనుభవాలు (చర్చ)

కర్నూలు, స్కాన్ సెంటర్ నిర్వహణ:
మిత్రులకు నమస్కారం. మా సెంటర్‌లో సీటీ, ఎక్స్‌రే చిత్రాలను భద్రపరచడానికి ఒక టవర్ సర్వర్‌లో నాలుగు 4 టీబీ డిస్కులను, ఒక పాత మెగారెయిడ్ కార్డును (డిస్కులను కలిపి, ఒకటి పోయినా సమాచారం నిలిచేలా చూసే రెయిడ్ పద్ధతిని నడిపే కార్డు) అమర్చాము. రాకీ లినక్స్ 9 ఇన్‌స్టాలర్‌కు ఒక్క డిస్కు కూడా కనిపించడం లేదు. ఇదే కార్డు పాత లినక్స్‌లో చక్కగా పనిచేసిందని అమ్మినవారు చెబుతున్నారు. రోగుల చిత్రాల వ్యవహారం కనుక తొందరపడదలచుకోలేదు. ఇలాంటి కార్డులు వాడినవారు ఏ క్రమంలో వెళ్లాలో చెప్పగలరు.

అనంతపురం, కళాశాల ల్యాబ్:
ముందు ఇన్‌స్టాలర్ టెర్మినల్‌లో, యంత్రంలోని కార్డుల జాబితాను చూపే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం ఇచ్చి చూడండి. జాబితాలో కార్డు పేరే లేకపోతే స్లాటును చూసుకోవాలి. పేరు ఉండి డిస్కులు మాత్రమే కనిపించకపోతే సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి. విడి డిస్కులను కార్డు లినక్స్‌కు చూపించదు. దాని సొంత సెటప్‌లో వర్చువల్ డిస్కును తయారు చేసిన తరువాతే ఒకే పెద్ద డిస్కుగా చూపిస్తుంది. పాత కార్డుల్లో బూట్ సమయంలో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే ఆ సెటప్ తెరుచుకుంటుంది. డెల్ పెర్క్ కార్డుల్లో కంట్రోల్, ఆర్.

వర్చువల్ డిస్కు తయారైనా కనిపించకపోతే చిక్కు డ్రైవర్‌లో, అంటే కార్డుతో లినక్స్ మాట్లాడే సాఫ్ట్‌వేర్‌లో, ఉన్నట్టు. రెడ్ హ్యాట్ 8వ వెర్షన్ నుంచి మెగారెయిడ్ డ్రైవర్‌లో కొన్ని పాత కార్డుల గుర్తింపు సంఖ్యలను తీసివేసింది. అందువల్ల డ్రైవర్ ఉన్నా ఆ కార్డును పట్టించుకోదు. రెడ్ హ్యాట్‌ను అనుసరించి తయారయ్యే రాకీ కూడా అదే బాటలో నడుస్తుంది. బయటి డ్రైవర్లను అందించే ఎల్‌రెపో వారి డ్రైవర్‌ను ఎక్కించుకోవచ్చు గానీ, రాకీ లాంటిదే అయిన ఆల్మా లినక్స్ 9.4లో అలాంటి పాత కార్డులు చాలావాటికి మద్దతును తిరిగి చేర్చారు కనుక, బయటి డ్రైవర్‌పై ఆధారపడకుండా దానికి మారడమే మేలని నా అభిప్రాయం.

కడప, పెళ్లి వీడియోల స్టూడియో:
వర్చువల్ డిస్కును తయారు చేసే ముందే రెయిడ్ స్థాయిని ఆలోచించండి. రెయిడ్ 5లో మీకు 12 టీబీ దక్కుతుంది, కానీ ఒక డిస్కు పోయిన రోజున మిగిలిన మూడింటినీ, అంటే 12 టీబీని, ఆసాంతం చదివితే తప్ప కొత్త డిస్కు నిండదు. సాధారణ డిస్కుల వివరపత్రాల్లో 10 టు ది పవర్ 14 బిట్లకు, అంటే దాదాపు 12.5 టీబీకి, చదవలేని చోటు ఒకటి రావచ్చని తయారీదారులే రాస్తారు. అది గరిష్ఠ పరిమితే అయినా, ఆ అంచున రోగుల చిత్రాలను నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. రెయిడ్ 6లో 8 టీబీయే దక్కినా, ఏ రెండు డిస్కులు పోయినా సమాచారం నిలుస్తుంది.

ఇక బ్యాటరీ సంగతి. రైట్ బ్యాక్ పద్ధతిలో కార్డు సమాచారాన్ని తన క్యాష్ మెమరీలోకి తీసుకుని, డిస్కులకు చేరకముందే రాసేశానని లినక్స్‌కు చెబుతుంది. వేగమంతా అక్కడి నుంచే వస్తుంది. ఆ క్షణంలో కరెంటు పోతే క్యాష్‌లో ఉన్నదాన్ని కాపాడేది కార్డుపై ఉన్న బ్యాటరీయే, అదీ రెండు మూడు రోజులే. కొత్త రకంలో బ్యాటరీకి బదులు కెపాసిటర్, ఫ్లాష్ ఉంటాయి. కరెంటు పోగానే క్యాష్ ఫ్లాష్‌లోకి చేరుతుంది కనుక ఆ గడువు బాధ ఉండదు. బ్యాటరీ పాడైతే కార్డు తనంతట తానే రైట్ త్రూకు, అంటే డిస్కులకు చేరాకే రాశానని చెప్పే పద్ధతికి, మారుతుంది, రాత బాగా మందగిస్తుంది. సర్వర్ ఉన్నట్టుండి నెమ్మదిస్తే చాలామంది డిస్కులను అనుమానిస్తారు. ముందు చూడవలసింది బ్యాటరీని.

కర్నూలు, స్కాన్ సెంటర్ నిర్వహణ:
ఆల్మాలో వర్చువల్ డిస్కు కనిపించింది, ధన్యవాదాలు. అయితే మా కార్డుకు బ్యాటరీ లేదు. యూపీఎస్, జనరేటర్ రెండూ ఉన్నాయి కనుక రైట్ బ్యాక్‌ను బలవంతంగా పెట్టుకోవచ్చా?

కడప, పెళ్లి వీడియోల స్టూడియో:
వద్దండీ. యూపీఎస్ కాపాడేది గోడ దగ్గరి కరెంటును మాత్రమే. సర్వర్ లోపలి పవర్ సప్లై కాలిపోయినా, ఎవరైనా తీగ లాగినా యూపీఎస్ చేయగలిగింది లేదు. బ్యాటరీ గానీ కెపాసిటర్ గానీ వచ్చేవరకు రైట్ త్రూలోనే ఉంచండి. డిస్కుల సొంత క్యాష్‌ను కూడా ఆపండి, ఎందుకంటే దానికి ఏ బ్యాటరీ రక్షణా లేదు.

ప్రొద్దుటూరు, బట్టల దుకాణం లెక్కల సర్వర్:
నేను మాత్రం కార్డు లేకుండా, లినక్స్‌లోని ఎండీఏడీఎమ్ సాధనంతో సాఫ్ట్‌వేర్ రెయిడ్ వాడుతున్నాను. యంత్రం పాడైతే డిస్కులను తీసి ఏ లినక్స్ యంత్రంలో పెట్టినా అవి మళ్లీ జతకూడతాయి. మీ పద్ధతిలో కార్డు పోతే అదే కుటుంబపు మరో కార్డు కావాలి, మన ఊళ్లలో అది అప్పటికప్పుడు దొరకదు. కార్డుతోనే వెళ్లేటట్టయితే రెండో కార్డును ఇప్పుడే కొని పక్కన ఉంచుకోండి. డిస్కులను దానికి తగిలిస్తే ఫారిన్ కాన్ఫిగరేషన్ (వేరే కార్డు రాసిన రెయిడ్ అమరిక) ఉందని, ఏం చేయాలని అడుగుతుంది. అప్పుడు ఇంపోర్ట్ ఎంచుకోవాలి, క్లియర్ నొక్కితే రెయిడ్ అమరికే చెరిగిపోతుంది.

వేడి విషయం మరువకండి. ఈ కార్డులపై ఫ్యాన్ లేని హీట్‌సింకు ఉంటుంది; ర్యాక్ సర్వర్ ఫ్యాన్ల గాలి నేరుగా దానిపైకి వస్తుందన్న లెక్కతో చేసినది. టవర్‌లో, అందులోనూ మన మే నెల ఎండల్లో, దాని ఎదురుగా చిన్న ఫ్యాన్ పెట్టడం తప్పనిసరి.

కర్నూలు, స్కాన్ సెంటర్ నిర్వహణ:
రెయిడ్ 6కే నిర్ణయించుకున్నాము. కెపాసిటర్ మాడ్యూల్‌కు, రెండో కార్డుకు ఆర్డరు పెట్టాము. చిత్రాల ప్రతిని రోజూ రాత్రి వేరే గదిలోని యంత్రానికి కూడా పంపుతాము, ఎందుకంటే ఎవరైనా పొరపాటున ఫైలు చెరిపితే రెయిడ్ దాన్ని తిరిగి ఇవ్వదు కదా. ఇక ఒక్క సందేహం: లినక్స్‌కు ఒకే డిస్కు కనిపిస్తున్నప్పుడు, లోపల ఒకటి పోయిందని మాకు తెలిసేదెలా?

అనంతపురం, కళాశాల ల్యాబ్:
స్టోర్‌సీఎల్ఐ సాధనంతో వర్చువల్ డిస్కు స్థితి, బ్యాటరీ స్థితి రెండూ తెలుస్తాయి; ఆప్టిమల్ అన్న మాటకు బదులు పార్షియల్లీ డీగ్రేడెడ్ అని గానీ డీగ్రేడెడ్ అని గానీ వచ్చిందంటే డిస్కు పోయినట్టే. డిస్కు ఆరోగ్యాన్ని చూపే స్మార్ట్‌సీటీఎల్ ఆదేశానికి మెగారెయిడ్ అన్న రకాన్ని, డిస్కు సంఖ్యను జతచేసి ఇస్తే కార్డు వెనకాల ఉన్న ఒక్కో డిస్కు స్థితినీ చదవవచ్చు. ఈ రెండింటినీ క్రాన్‌లో (నిర్ణీత వేళకు ఆదేశాలను నడిపేది) పెట్టి, తేడా కనిపిస్తే మీకు మెయిల్ వచ్చేలా చేయండి. కార్డుపై అలారం ఉన్నా, సర్వర్‌ను మూసిన గదిలో పెడితే అది ఎవరి చెవికీ చేరదు. ప్యాట్రోల్ రీడ్‌ను ఆన్‌లో ఉంచండి. పని లేని సమయంలో కార్డు డిస్కులన్నింటినీ చదివి చూస్తూ, చెడిన చోట్లను రీబిల్డ్ (కొత్త డిస్కును తిరిగి నింపడం) అవసరం పడకముందే బయటపెడుతుంది.