ఎడారిలో పాడుబడ్డ గని యంత్రాలను ఫోటో తీయడం తప్పా?

ఉద్దానం ఫిట్టర్:
నేను ఓడలో ఫిట్టర్‌ని, ఊరు కవిటి దగ్గర. కిందటి ట్రిప్పులో మా ఓడ చిలీ దేశంలో ఇకీకే రేవులో ఆగినప్పుడు ఒక రోజు బయటికి వెళ్ళే వీలు దొరికింది. అక్కడికి 50 కిలోమీటర్ల లోపే అటకామా ఎడారిలో హంబర్‌స్టోన్, శాంతా లారా అని రెండు పాత సురేకారం (ఎరువుకి వాడే ఖనిజం) గనుల ఊళ్ళున్నాయి. 1960 ప్రాంతంలో మూతపడ్డాయి. అక్కడ తీసిన 12 ఫోటోలు పైన పెట్టాను. మూడోది శాంతా లారాలోని పెద్ద గేరు. దాని కింద 'ఇనుము, ఇసుక' అని రాశాను.

వీటిని శ్రీకాకుళంలో ఒక చిన్న ప్రదర్శనగా పెడదామనుకుంటున్నాను. ఇంట్లో చూపిస్తే మా బావ, "జనం పొట్ట కొట్టిన చోటికెళ్ళి ఇనప ముక్కల అందం చూసొచ్చావా?" అన్నాడు. ఆ మాట అప్పట్నుంచి తొలుస్తూనే ఉంది. మీరేమంటారు?

కొత్తవలస చిన్నా:
ఏడో ఫోటో చాలా బాగుంది. పెట్టండి అన్నా.

నాగావళి లెన్స్:
తప్పేమీ లేదు. ఒక్క మూడో ఫోటో మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. గేరు పళ్ళన్నిటి మీదా దుమ్ము మందంగా పట్టి ఉంది. కుడివైపు నాలుగో పన్ను ఒక్కటే శుభ్రంగా, నల్లగా మెరుస్తోంది. తుడిచారా? తుడిస్తే అది ఉన్నది ఉన్నట్టు తీసిన ఫోటో కాదు. పైగా ఆ రెండు చోట్లనూ 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కించారు. కూలిపోయేలా ఉన్నాయని అదే ఏడు 'ప్రమాదంలో ఉన్నవి' అనే జాబితాలోనూ పెట్టి, 2019లో గానీ అందులోంచి తీయలేదు. రేకులూ చెక్కలూ జనం పట్టుకుపోవడం కూడా ఆ ప్రమాదంలో ఒక భాగమే. అలాంటి చోట చెయ్యి వెయ్యకూడదు.

ఉద్దానం ఫిట్టర్:
తుడిచాను, దాచను. వేలితోనే తుడిచాను. నా పనే యంత్రాలతో కదా, చెయ్యి ఆగలేదు. దుమ్ము కింద గ్రీజు ఉందండి. లక్కలా గట్టిపడిపోయింది గానీ గ్రీజే. మన వైపు సముద్రపు గాలికి ఏ ఇనుమైనా నాలుగు వానాకాలాలకే పొరలు పొరలుగా రాలిపోతుంది. అక్కడ వానే లేదు. రాత్రుళ్ళు సముద్రం మీంచి మంచు మేఘంలా లోపలికి వస్తుందట. ఆ మాత్రం తడికి పైపైన తుప్పు పట్టింది, లోపల ఇనుము గట్టిగానే ఉంది.

నాగావళి లెన్స్:
గ్రీజు సంగతి సరే. తుడిచిన ఫోటోని తుడవని ఫోటోలతో కలిపి పెట్టడమే నా అభ్యంతరం. నేను టెక్కలి నీలం గ్రానైట్ క్వారీలో పాత క్రేన్ ఫోటో కోసం మూడు రోజులు తిరిగాను. పొద్దు వాలాక పక్కనుంచి ఎండ పడేదాకా కూర్చుని, ఒక్క రాయి కూడా జరపకుండా తీశాను. ఆ ఫోటోని ఎవరో కేలండర్‌కి వాడుకున్నారు, నా పేరు వెయ్యలేదు. అడిగితే, "క్రేన్ నీదా?" అన్నారు. నిజాయితీగా తీసినవాడికి దక్కేది ఇదే.

కొత్తవలస చిన్నా:
కేలండర్‌కీ దీనికీ సంబంధం ఏంటి సార్?

గరివిడి మసి:
నిన్నట్నుంచి చదువుతున్నాను. పన్ను తుడిచాడా లేదా అన్న మాటే గానీ, ఆ గేరు తిప్పినవాళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. 12 ఫోటోల్లో ఒక్క మనిషి లేడు. ఒక్క పేరు లేదు. 'ఇనుము, ఇసుక' అట.

ఉద్దానం ఫిట్టర్:
అక్కడ మనుషులు లేరండి. ఊరు ఖాళీ. లేనివాళ్ళని ఎక్కణ్ణుంచి తేను?

నాగావళి లెన్స్:
మనిషి ఉంటే కొలత తెలుస్తుంది నిజమే, కానీ పాడుబడ్డ చోటు ఫోటోలో మనిషిని నిలబెడితే అది కూడా ఒకరకంగా తుడవడమే. నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. ఆ మూడో ఫోటో ఉంచుతారా, తీసేస్తారా?

గరివిడి మసి:
ఆ మూడో ఫోటోని వదలండి బాబూ! ఆ గనుల్లో పనిచేసినవాళ్ళకి డబ్బులు కాదు, టోకెన్లు ఇచ్చేవారు. అవి కంపెనీ కొట్లో తప్ప ఇంకెక్కడా చెల్లేవి కావు. జీతం సరిగ్గా ఇవ్వమని సమ్మె చేసి, పెళ్ళాం పిల్లల్తో ఇకీకే వచ్చి ఒక బడిలో ఉంటే, 1907 డిసెంబర్ 21న సైన్యం వాళ్ళని తుపాకులతో కాల్చింది. మీరు ఓడ దిగిన ఊళ్ళోనే. ఒక్క ఫోటో కిందైనా ఈ మాట రాశారా?

ఉద్దానం ఫిట్టర్:
రాయలేదు. నాకు తెలీదు. టోకెన్లు అక్కడ అద్దాల పెట్టెలో చూశాను గానీ పిల్లలాట బిళ్ళలనుకున్నాను. జర్మనీ వాళ్ళు గాలిలోని నత్రజనితో ఎరువు తయారుచెయ్యడం నేర్చుకున్నాక చిలీ సురేకారానికి గిరాకీ పడిపోయిందని మాత్రం చదివాను. కానీ మీరు నా మీద ఇంత కోపంగా ఎందుకు మాట్లాడుతున్నారు? నేనూ కూలి పని చేసేవాణ్ణే. తొమ్మిది నెలలు ఇంజిన్ రూంలో ఉంటాను. మీకు నేనేం చేశానని?

బొబ్బిలి వీణ:
ఇద్దరూ కాస్త శాంతించండి.

గరివిడి మసి:
చెప్తాను. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మా విజయనగరం వైపే, 1890లలో. కోడూరు పేరుతో ఒక రాయికే 'కోడూరైట్' అని పేరుంది. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఉంటుంది. గర్భాం గని గురించి ఇంగ్లీషు దొరలు పేజీలకు పేజీలు రాసుకున్నారు. ఖనిజం ఎంత, ఏ రకం, ఎంత లోతు, అన్నీ ఉన్నాయి. తట్ట మోసినవాళ్ళ మొహాలే లేవు.

మా నాన్న ఒక చిన్న గనిలో ఖనిజం కడిగే డ్రమ్ము దగ్గర 22 ఏళ్ళు చేశాడు. ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బు పెట్టినా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. అన్నం కలిపేటప్పుడు ముద్దకి మసి అంటుతుందని అమ్మ కలిపి పెట్టేది. గని మూశాక కూడా ఆ డ్రమ్ము అక్కడే ఉండేది, నాన్న సాయంత్రాలు వెళ్ళి దాని పక్కన కూర్చునేవాడు. ఒకరోజు పెద్ద కెమెరాతో ఒకాయన కారులో దిగాడు. డ్రమ్ము చుట్టూ తిరిగి చూసి, "పెద్దాయనా, కొంచెం పక్కకి జరుగుతావా, ఫ్రేములోకి వస్తున్నావు" అన్నాడు. నాన్న జరిగాడు. తువ్వాలు కూడా తీసుకుని జరిగాడు. నేను అక్కడే ఉన్నాను, పన్నెండేళ్ళు నాకు.

తర్వాత డ్రమ్ముని గ్యాస్‌తో కోసి స్క్రాప్‌కి తీసుకుపోయారు. నాన్న పోయి ఆరేళ్ళయింది. పనిలో ఉండగా తీసిన ఫోటో మాకు ఒక్కటి లేదు. ఆ కెమెరా ఆయన దగ్గర డ్రమ్ము ఫోటో మాత్రం ఎక్కడో ఉండే ఉంటుంది, మనిషి లేకుండా, శుభ్రంగా. ఇప్పుడు మీరు ఓడెక్కి చిలీ దాకా వెళ్ళి అలాంటి ఫోటోలే తెచ్చి శ్రీకాకుళంలో గోడకి పెడతానంటున్నారు. గరివిడి మీకు ఎంత దూరం?

కొత్తవలస చిన్నా:
ఏం మాట్లాడాలో తెలీడం లేదు అన్నా.

ఉద్దానం ఫిట్టర్:
రాత్రంతా ఆలోచించాను. ఒక్క మాట మాత్రం ఒప్పుకోను. యంత్రాన్ని చూస్తే నాకు మనిషి కనపడడని మీరనుకుంటున్నారు. ఆ గ్రీజు ముట్టుకున్నప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన, దీన్ని ఆఖరిసారి పెట్టినవాడు మర్నాడు డ్యూటీ ఉందనుకునే పెట్టాడు అని. మూసేస్తున్నారని తెలిస్తే ఎవడూ అంత నిండుగా గ్రీజు పెట్టడు. ఫిట్టర్‌ని కాబట్టి నాకు తెలుస్తుంది. అందుకే ఆ ఫోటో తీశాను.

గరివిడి మసి:
మరి ఆ మాట ఫోటో కింద ఎందుకు లేదు? 'ఇనుము, ఇసుక' అని ఎందుకుంది?

ఉద్దానం ఫిట్టర్:
అలా రాస్తేనే బాగుంటుందనుకున్నాను. ఫోటోల పుస్తకాల్లో అలాగే ఉంటాయి కదా. గ్రీజు సంగతి రాస్తే చూసేవాళ్ళకి ఏం పడుతుందిలే అనిపించింది.

గరివిడి మసి:
నా గొడవంతా అదే.

బొబ్బిలి వీణ:
ఫిట్టర్ గారూ, ప్రదర్శన వాయిదా వేస్తారా?

ఉద్దానం ఫిట్టర్:
వెయ్యను. కింద రాసినవన్నీ మారుస్తాను. 1907 సంగతి మొదటి ఫోటో దగ్గరే రాస్తాను. గరివిడి గారూ, ఆ డ్రమ్ము ఉన్న చోట ఇప్పుడేమైనా మిగిలిందా? మళ్ళీ ఓడెక్కడానికి నాకింకా 40 రోజులుంది.

గరివిడి మసి:
సిమెంటు దిమ్మ ఉంది. నాలుగు బోల్టులున్నాయి, ఒకటి వంగిపోయింది. పక్కన గోతిలో నీళ్ళు. అమ్మ అక్కడికి రాదు, ఇంటి దగ్గరైతే మాట్లాడుతుంది. వస్తానంటే పొద్దున్నే రండి, తొమ్మిది దాటితే ఎండ.

నాగావళి లెన్స్:
పొద్దున్న ఏడులోపు అయితే బోల్టుల నీడ పొడుగ్గా పడుతుంది. దిమ్మని కడగొద్దు. మూడో ఫోటో దగ్గర 'ఒక పన్ను తుడిచాను' అని రాయాలన్న నా మాట అలాగే ఉంది.