డాక్యుమెంటేషన్ సరిచేసి పంపితే మూడు వారాలుగా ఉలుకూ పలుకూ లేదు

ప్రశ్న:
నేను రోజూ వాడే ఒక చిన్న ఓపెన్ సోర్స్ టూల్ ఇన్‌స్టాలేషన్ పేజీలో నాలుగో స్టెప్ తప్పు. అక్కడున్న కాన్ఫిగ్ ఆప్షన్ (సెట్టింగ్) పేరు ఎప్పుడో మార్చేశారు. అది కనుక్కునేసరికి నాకో సాయంత్రం పోయింది. ఇంకొకరికి ఆ తిప్పలు వద్దని సరిచేయడానికి కూర్చున్నాను. చేయి పెట్టాక ఆగలేదు. వాక్యాలు తిరగరాశాను, హెడింగులు మార్చాను, పొడుగు లైన్లు విరిచాను. మొత్తం 340 లైన్ల పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు కలుపుకోండని పంపే అభ్యర్థన). ఒక్క కామెంట్ కూడా రాలేదు. కోడ్ రాయనివాళ్లంటే లోకువా?

జవాబు 1:
లోకువ కాదండీ, భయం. నేనూ ఒక ప్రాజెక్టుకి మెయింటెయినర్‌ని, వచ్చిన మార్పులు చూసి కలుపుకునే పని నాది. లైను విరిచే చోటు మారిస్తే, మార్పుల లెక్క ఉంచే గిట్‌కి పేరా అంతా కొత్తదే. తీసేసినవీ చేర్చినవీ చూపే డిఫ్ నిండా ఎరుపూ ఆకుపచ్చా, అందులో మీ అసలు సవరణ ఎక్కడుందో మేం వెతుక్కోవాలి. అందుకే మా దగ్గర వాక్యానికో లైను పద్ధతి పెట్టుకున్నాం.

ఇంకోటి, 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో (ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపితే టీషర్ట్ ఇచ్చిన అక్టోబర్ కార్యక్రమం) టీషర్ట్ కోసం రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టు పరిచయ ఫైల్‌లో, ఓ మాట అటూ ఇటూ చేసి పంపినవాళ్లతో చాలా ప్రాజెక్టులు విసిగిపోయాయి. (ఆ గోలకే, ఒప్పుకున్న ప్రాజెక్టులకు మాత్రమే అని ఆ నెలలోనే రూలు మార్చారు.) అప్పట్నుంచి డాక్స్ మార్పంటే కాస్త అనుమానంగానే చూస్తాను, నా తప్పే అనుకోండి. నాలుగో స్టెప్ ఒక్కటే విడిగా పంపి చూడండి.

జవాబు 2:
హెడింగులు మార్చానన్నారే, నాకు అక్కడే గుండె ఝల్లుమంది. డాక్యుమెంటేషన్ పేజీలు తయారుచేసే స్ఫింక్స్ లాంటి టూల్స్‌లో హెడింగ్ మాటల నుంచే దాని లింకు తయారవుతుంది. మాట మారితే పాత లింకు పేజీ దాకా తెచ్చి పైనే వదిలేస్తుంది. పంపేముందు మీ మెషీన్‌లో బిల్డ్ చేసి (పేజీలు తయారుచేసి) వార్నింగులు చూసుకోండి.

మానేయకండి మాత్రం. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ఉంచుకునే సైటు గిట్‌హబ్ 2017 సర్వేలో 93 శాతం మంది అసంపూర్తిగా, పాతబడి ఉన్న డాక్యుమెంటేషన్ గురించి మొత్తుకున్నారు. దాని జోలికి తాము అరుదుగా వెళ్తామనో, అసలు వెళ్లనే వెళ్లమనో చెప్పిన కంట్రిబ్యూటర్లు (ప్రాజెక్టులకి మార్పులు పంపేవాళ్లు) 60 శాతం!

ప్రశ్న అడిగినవారు:
రెండే లైన్లు పంపాను, మర్నాడే జవాబొచ్చింది. కానీ మెర్జ్ చేయలేదు, అంటే కలుపుకోలేదు! పేరు మారింది కొత్త వెర్షన్‌లోనేనట. పాతది వాడేవాళ్లకి పాత పేరే కావాలి. నా సవరణ వాళ్ల సాయంత్రం తినేసేదన్నమాట. ఏ వెర్షన్‌కి ఏ పేరో రెండూ రాసి మళ్లీ పంపాను. హెడింగుల సంగతి మాత్రం ఈసారి ఇష్యూ (ప్రాజెక్టు పేజీలో చర్చకు పెట్టే పోస్టు) తెరిచి ముందే అడిగాను.