31 ఏళ్లకు మళ్లీ ఆటిజం పరీక్ష ఎక్కడ చేయించుకోవాలి?

నాకు ఆరేళ్లప్పుడు ఒక డాక్టరు ‘ఆటిజం లక్షణాలు’ అని రాశారు. పెద్దయితే అదే సర్దుకుంటుందని ఇంట్లో వదిలేశారు, ఆ కాగితం కూడా లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో అకౌంట్స్ పని. నలుగురూ ఒకేసారి మాట్లాడితే బుర్ర మొద్దుబారిపోతుంది, మీటింగ్ అయ్యాక బాత్రూమ్‌లో తలుపేసుకుని కూర్చుంటాను. మొన్న ఒక ఆస్పత్రిలో ‘ఉద్యోగం చేస్తున్నావుగా, నీకేం ఆటిజం’ అని టెన్షన్‌కి మాత్రలు రాసి పంపారు.

సికింద్రాబాద్ ఎన్‌ఐఈపీఐడీలో (మేధో వైకల్యాల జాతీయ సంస్థ) గానీ బెంగళూరు నిమ్హాన్స్‌లో (మానసిక ఆరోగ్య ఆస్పత్రి) గానీ పెద్దయ్యాక పరీక్ష చేయించుకున్నవాళ్లు ఉన్నారా? చిన్నప్పటి సంగతులు చెప్పడానికి అమ్మ రావాల్సిందేనా? ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఫోన్‌లో చెబితే ఒప్పుకుంటారా? 2016 దివ్యాంగుల చట్టంలో ఆటిజం ఉంది, రిజర్వేషన్‌కి 40 శాతం వైకల్యం ఉండాలి, అవన్నీ తెలుసు. సర్టిఫికెట్ తర్వాత సంగతి, ముందు తెలుగులో మాట్లాడే థెరపిస్టు ఎవరైనా ఉంటే చెప్పండి.