అమ్మ పేరిట ఉన్న ఇంటిని తమ్ముడికి రాసే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 74 ఏళ్లు. ఉపాధ్యాయురాలిగా పనిచేసిన రోజుల్లో తన జీతంతో గుంటూరులో కొనుక్కున్న ఇంట్లోనే ఒంటరిగా ఉంటున్నారు. తమ్ముడు, మరదలు ఆమెను తమ దగ్గర ఉంచుకుని చూసుకుంటామంటున్నారు, అయితే ఇల్లు ముందే తమ్ముడి పేరిట గిఫ్ట్ సెటిల్‌మెంట్ (దాన దస్తావేజు) చేయాలని కోరుతున్నారు. అమ్మకూ అది ఇష్టమే. ఈ మధ్య కొంచెం మతిమరుపు కనిపిస్తోంది. దస్తావేజు లేఖరి గారు "ప్రేమాభిమానాలతో, ఎలాంటి షరతులూ లేకుండా" అన్న మామూలు నమూనా చాలంటున్నారు. ఇది సరైనదేనా?

సమాధానం (న్యాయవాది):
అమ్మా, ఆ నమూనాకు ఒప్పుకోవద్దని నా గట్టి సలహా. రిజిస్టరైన దాన దస్తావేజును ఇచ్చినవారు మనసు మారిందని తమంతట తాము రద్దు చేసుకునే వీలు ఆస్తి బదిలీ చట్టంలో లేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) లోని 23వ సెక్షను ఒక దారి చూపుతుంది కానీ, ఇచ్చినవారి కనీస అవసరాలను తీసుకున్నవారు తీర్చాలన్న షరతుకు లోబడి బదిలీ జరిగి, ఆ షరతు నెరవేరనప్పుడే ఆ చట్టం కింద ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్ దానిని చెల్లదని ప్రకటించగలదు. అలాంటి షరతు ఉన్నట్టు చూపలేకపోతే ఈ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, కొడుకుకు ఆస్తి రాసిచ్చిన తల్లికి దాన్ని తిరిగి ఇప్పించింది. అక్కడ కొడుకు తల్లిని చూసుకుంటానని రాసిచ్చిన కాగితం కూడా ఉంది. రెండు తీర్పులనూ కలిపి చదివితే, పోషణ గురించిన ఒక్క వాక్యం దస్తావేజులో ఉండడం ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

కాబట్టి గిఫ్టే ఇవ్వదలిస్తే తిండి, బస, వైద్యం, మందుల ఖర్చు తమ్ముడు భరించాలన్న షరతును స్పష్టంగా రాయించండి. అమ్మగారు జీవించినంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దెకిస్తే ఆ అద్దె తీసుకునే హక్కు ఆమెవేనని కూడా రాయించండి. అలాంటి జీవితకాల హక్కు ఉంచుకున్నంత మాత్రాన దానం చెల్లకుండా పోదని, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన రేణికుంట్ల రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే తేల్చింది. అన్నిటికన్నా నాకు నచ్చే మార్గం మాత్రం వీలునామా. బతికున్నంతకాలం ఇల్లు ఆమెదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా తర్వాత వివాదం రాకుండా చేయించడం మేలు.

మీరూ వారసులే కనుక ఒక మాట చెప్పాలి. అమ్మగారు మీ ఇద్దరిలో ఎవరి తరఫు న్యాయవాదినీ కాక వేరొకరిని, ఒంటరిగా, కలవాలి. మతిమరుపు గురించి రాశారు గనుక సంతకం రోజుకు దగ్గరలో వైద్యుడి చేత ఆమె మానసిక స్థితిపై ధ్రువపత్రం తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. తమ్ముడికి జీపీఏ (అమ్మ తరఫున పనులు చేసే అధికారపత్రం) ఇచ్చి పెట్టుకుంటే, మతిమరుపు ముదిరినా అతను బ్యాంకు పనులు, ఇంటి పనులు చూడగలడు కదా?

సమాధానం (అదే న్యాయవాది):
చాలామంది అలాగే అనుకుంటారు, కానీ మన కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షను ప్రకారం అధికారం ఇచ్చినవారికి మతి స్థిమితం పోతే ఆ అధికారం కూడా ముగుస్తుంది. సరిగ్గా అవసరం పడే రోజునే ఆ జీపీఏ పనికిరాదు. ఆ తర్వాత సంరక్షకుడి నియామకం కోసం హైకోర్టుకు వెళ్లాల్సి రావచ్చు, అది ఖర్చుతో, జాప్యంతో కూడిన పని. ఇప్పుడే పింఛను ఖాతాను బ్యాంకు నియమాల మేరకు ఉమ్మడి ఖాతాగా మార్చే వీలుందేమో అడగండి. నామినీగా పేరుంటే సొమ్ము చేతికి వస్తుంది కానీ, వారసత్వ హక్కు దానివల్ల రాదు. ఆ విషయం వీలునామాలోనే తేలాలి. తాను చెప్పలేని స్థితి వస్తే ఎలాంటి వైద్యం కావాలో, వద్దో ముందే రాసిపెట్టే ముందస్తు సూచనపత్రాన్ని కూడా ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేసుకోవచ్చు; సుప్రీంకోర్టు 2023లో ఈ పద్ధతిని సులభం చేసింది.

మరొకరు:
మా బాబాయిగారు షరతు లేకుండా ఇప్పటికే రాసేశారు. ఇప్పుడు కొడుకు అన్నం కూడా పెట్టడం లేదు. ఏం చేయాలి?

సమాధానం:
ఆర్డీఓ గారి వద్ద ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు ఇవ్వండి. దస్తావేజు సంగతి ఎలా ఉన్నా పోషణ భత్యం అడిగే హక్కు ఆయనకు ఉంది. చట్టంలోని గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు, నోటీసు అందినప్పటి నుంచి 90 రోజుల్లో తేల్చాలన్న నియమం ఉంది. దానం రద్దు కోసమైతే, చూసుకుంటానన్న షరతు మీదే ఇచ్చారని చూపేందుకు ఆ రోజుల్లో కొడుకు రాసిన ఉత్తరాలు, ఫోను సందేశాలు, మాట్లాడిన పెద్దమనుషుల సాక్ష్యం, ఏదైనా సరే సేకరించి జతచేయండి. ట్రిబ్యునల్ ఒప్పుకోకపోతే 60 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.