హాలుకి పది వాట్ల యాంప్ చాలా, చాలదా?

నల్లకుంట_శ్రోత:
పాత ఫ్లాటు, హాలు 12 అడుగులకి 14. నాన్నగారు వాడిన రెండు చెక్క స్పీకర్లున్నాయి, 8 ఓమ్‌లు, వెనక 87 డీబీ అని రాసుంది (ఒక్క వాటుకి మీటరు దూరంలో వచ్చే మోతట). కోఠి గుజరాతీ గల్లీలో అరచెయ్యంత క్లాస్-డి యాంప్ (పెద్దగా వేడెక్కని, తక్కువ కరెంటు తాగే రకం యాంప్లిఫయర్) ఒకటి కొన్నాను. లోపల టీపీఏ3116 చిప్, పైన 50+50 వాట్లు అని ముద్ర. పాత రౌటర్ అడాప్టరు తగిలించాను, 12 వోల్టులు, 1 ఆంపు. పొద్దున్న ఘంటసాల పద్యాలకి హాయిగా ఉంది. సాయంత్రం మా అబ్బాయి వాడి పాటలు పెడితే డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు బొంగురుపోతోంది, ఒక్కోసారి యాంప్ మీది దీపం ఆరి వెలుగుతోంది. ఇది పది వాట్లకి మించి ఇవ్వదు, వంద వాట్లది కొనెయ్ బావా అంటాడు మా బావమరిది. కొనాలా?

ఉప్పల్_బాస్:
మీ బామ్మర్ది చెప్పిందే కరెక్టన్నా. పది వాట్లంటే గణేష్ మండపం పక్కన దోమ పాడినట్టుంటది. హాల్ల ఫ్యాన్ అయిదు మీద తిరుగుతది, కిచెన్ల కుక్కర్ కూస్తది, కింద ఆటోలు. గివన్ని దాటి పాట వినపడాలె కదా. ఇంకోటి, చిన్న యాంప్ గుంజితే క్లిప్ అయితది, అంటే దాని శక్తి చాలక సౌండ్ పగుల్తది, ట్వీటర్లు, గదే సన్న శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లు, పోతయ్. నాయి రెండు పోయినయ్, ఊకె చెప్తలేను.

కోఠి_సోల్డర్:
వాట్ల సంగతి తర్వాత, ముందు అడాప్టరు చూడండి. 12 వోల్టులు, 1 ఆంపు అంటే లోపలికి వచ్చేదే మొత్తం 12 వాట్లు. బావిలో లేనిది బొక్కెనలోకి ఎలా వస్తుంది? ఆ 50 అన్నది 21 వోల్టుల మీద, 4 ఓమ్‌ల స్పీకర్‌కి, అదీ కాస్త బొంగురుతో కలిపి. 12 వోల్టుల మీద మీ 8 ఓమ్‌లకి ఏడు వాట్లు వస్తే గొప్ప. దెబ్బ పడగానే అడాప్టరు చతికిలబడుతోంది, దీపం ఆరేది అందుకే. యాంప్ మీద 24 వోల్టుల దాకా అని రాసుంటే పాత లాప్‌టాప్ చార్జరు పెట్టండి, 19 వోల్టులు, 3 ఆంపుల పైన ఉన్నది. ఇరవై వాట్ల దగ్గరికి వస్తుంది.

ఇక డీబీ. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డీబీ, పది రెట్లు చేస్తే 10. అంటే పది వాట్ల నుంచి వందకి వెళ్తే చెవికి సుమారు రెట్టింపు మోత, అంతే. మామూలుగా వినే పాట 70, 75 డీబీ ఉంటుంది. మీ స్పీకర్లకి దానికి ఒక్క వాటు కూడా ఖర్చు కాదు. దెబ్బలు దానిమీద ఇంకో 15 డీబీ లేస్తాయనుకోండి.

ఉప్పల్_బాస్:
15 డీబీ అంటే ముప్పై రెట్లు కదన్నా, నీ లెక్కలనే! నా మాట నువ్వే చెప్పినవ్.

కోఠి_సోల్డర్:
ముప్పై రెట్లే, కానీ దేనికి ముప్పై? ఆ గదిలో సోఫా దగ్గర ఒక్క వాటుకే 84 డీబీ దాకా వస్తుంది. 72 డీబీ పాటకి వాటులో పదహారో వంతు చాలు. దానికి ముప్పై రెట్లంటే రెండు వాట్లు. ఇవే 82 డీబీ చిన్న స్పీకర్లయితే ఇంతకు మూడు రెట్లు కావాలి. డైనింగూ కిచెనూ కలిసిపోయిన కొత్త అపార్ట్‌మెంట్ హాలైతే ఇంకా ఎక్కువ, అక్కడ నీ పక్షమే. ట్వీటర్లంటావా, గొంతు బొంగురుపోతున్నా నాబ్ తిప్పుతూనే ఉంటే పోతాయి. వినగానే తగ్గించేవాడికి పోవు.

మారేడ్‌పల్లి_వాల్వు:
నాది ఈఎల్84 వాల్వు యాంప్, అంటే పాతకాలం రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచేది, ఒక్కో పక్క అయిదు వాట్లు కూడా ఉండవు. పెళ్లి సంగీత్‌కి పనికిరాదు, తెల్లవారుజాము సుప్రభాతానికి ఇంకేం అక్కర్లేదు. అయితే నా స్పీకర్లు 94 డీబీ, ఆ మాట దాచకూడదు. బాబూ, మీ స్పీకర్లు టీవీ యూనిట్ అరలో ఉన్నాయా?

నల్లకుంట_శ్రోత:
అరలోనేనండీ. ఎలా కనిపెట్టారు?

మారేడ్‌పల్లి_వాల్వు:
అందరిళ్లలోనూ అక్కడే. అరలో పెడితే గొంతు కుండలోంచి వచ్చినట్టుంటుంది. బయటికి తీసి, ట్వీటరు చెవి ఎత్తుకి వచ్చేలా స్టూళ్ల మీద పెట్టండి, గోడకి ఓ అడుగు ఎడం. రెంటి మధ్య ఎంత దూరమో మీకూ వాటికీ అంతే. తర్వాత ఒక్క స్పీకర్‌కి మాత్రం ఎరుపు, నలుపు తీగలు అటూ ఇటూ మార్చి వినండి. బాస్ నిండుగా, పాడేవాళ్లు సరిగ్గా మధ్యలో ఉన్నట్టు వినిపించేదే సరైన వరస.

కోఠి_సోల్డర్:
తీగలు మార్చేముందు స్విచ్చి ఆపండి. రెండు స్పీకర్ల నలుపు తీగలూ ఒకచోట ముడివెయ్యొద్దు. కొన్ని పాత యాంప్‌లలో చెల్లేది, ఈ చిప్‌లో నలుపులోనూ సిగ్నల్ ఉంటుంది, కాలిపోతుంది. అయిదు మీటర్లలోపైతే మామూలు 1 స్క్వేర్ ఎంఎం రాగి తీగ చాలు. బంగారు పూత కేబుల్ చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

నల్లకుంట_శ్రోత (వారం తర్వాత):
చార్జరు మార్చాను, దీపం ఆరడం లేదు. ఒక స్పీకర్ తీగలు నిజంగానే తిరగబడి ఉన్నాయి, ఇన్నేళ్లూ అలాగే విన్నామన్నమాట! కొత్త తంటా ఏంటంటే టీవీ కలిపితే సన్నగా గుర్ర్ మంటోంది, ఫోన్ కలిపితే లేదు.

కోఠి_సోల్డర్:
చార్జరు మూడో పిన్ను నుంచి ఎర్తు, సెట్‌టాప్ బాక్సు కేబుల్ నుంచి ఇంకో ఎర్తు, రెండూ కలిసి చుట్టు తిరుగుతున్నాయి. ఆ కేబుల్ పీకి చూడండి, మోత ఆగితే అదే. టీవీకీ యాంప్‌కీ మధ్య చిన్న ఐసొలేటర్ ట్రాన్స్‌ఫార్మర్ (ఎర్తులు కలవనివ్వకుండా పాటని మాత్రం పంపేది) పెడితే పోతుంది. ఎర్తు పిన్ను మాత్రం విరవకండి, అది మీ ప్రాణానికి.

నల్లకుంట_శ్రోత:
అదేనండీ, కేబుల్ పీకగానే ఆగింది. వాల్యూమ్ సగం కూడా దాటడం లేదు. అబ్బాయి మాత్రం సబ్‌ఊఫర్ కావాలంటున్నాడు.

ఉప్పల్_బాస్:
తమ్ముణ్ణి నా దగ్గరికి తోలుండ్రి అన్నా.