కచేరీలో అపరిచితులు ఒకే క్షణంలో ఎలా చలిస్తారు?

సంగీతం తెలిసిన పెద్దలకు నమస్కారం. పాశ్చాత్య శాస్త్రీయ కచేరీలపై జరిగిన పరిశోధనల్లో, ఒకే సభలో వింటున్నవారి గుండె వేగం కొంతమేరకు కలిసికట్టుగా మారుతుందని తేలింది. అయితే అక్కడ శ్రోతలు కదలకుండా వింటారు. మన కర్ణాటక కచేరీలో తొడపై తాళం వేస్తారు, తల ఊపుతారు, మంచి సంగతి (ఒకే పంక్తిని కొత్త మెరుగుతో మార్చి పాడడం) పడగానే "భేష్" అంటారు.

తమిళనాడులోని తిరువయ్యారులో పుష్య బహుళ పంచమినాడు జరిగే త్యాగరాజ ఆరాధనలోనైతే, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్న కృతులను వందలాది గళాలు కలిసి పాడుతుండగా, పాడేవారికీ వినేవారికీ మధ్య గీత దాదాపు చెరిగిపోతుంది. అయిదూ ఎనిమిది దెబ్బల ఆదితాళంలోనే ఉండడం ఇందుకు ఎంతో తోడ్పడుతుందని నా నమ్మకం. నాట రాగ కృతి సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. వింటూ కన్నీరు పెట్టుకునేవారిలో మాత్రం తెలుగు రానివారే ఎక్కువగా కనిపిస్తారు.

అందుకే అడుగుతున్నాను: ఈ భావం ఒకరి నుంచి ఒకరికి చేరడంలో సాహిత్యార్థానిది (పాటలోని మాటల అర్థానిది) పెద్ద పాత్రా, రాగానిదా, లేక అందరూ కలిసి వేసే తాళానిదా? తెలుగు తెలియకుండానే ఈ కృతులను సభలో విన్నవారు మీ పరిచయస్థుల్లో ఉంటే, వారి అనుభవాన్ని దయచేసి వివరంగా రాయండి. కర్ణాటక కచేరీ శ్రోతలపై ఇటువంటి అధ్యయనం ఏదైనా మీ దృష్టికి వచ్చి ఉంటే తెలియజేయగలరు.